యాభై ఆరు డిగ్రీల ఇల్లాలు

ఆవిడకు తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టిన పేరు ఒకటి ఉంది. జీతాల గుమాస్తాకు తప్ప అది ఎవరికీ అక్కర్లేకపోయింది. పశువుల వ్యాధులు పరీక్షించే ఆ ల్యాబ్‌లో చేరిన కొత్తలో ఎవరో సరదాకు ‘యాభైయ్యారమ్మ’ అన్నారు. అంతే, ఆ పేరు జిగురులా అంటుకుంది. గేటు దగ్గర కాపలా మనిషి, డాక్టర్లు, వీధి మలుపులో కూరలమ్మే ఆమె, అందరికీ ఆవిడ యాభైయ్యారమ్మే. కొత్తవాళ్ళు అది వయసనుకునేవారు. ముప్పై దాటని రోజుల నుంచీ ఆ పేరు మోస్తున్న మనిషికి అలా అంటే ఒళ్ళు మండదా మరి. అది వయసు కాదు, వేడి.

రెండో అంతస్తులో కిటికీ పక్కన స్టీలు నీళ్ళతొట్టి ఒకటి ఉంది. కరెంటుతో నీళ్ళు వేడెక్కుతాయి. ల్యాబ్‌కు వచ్చిన ప్రతి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే లేత పసుపు నీరు, పరీక్షకు వెళ్ళేముందు ఆ తొట్టిలో యాభై ఆరు డిగ్రీల దగ్గర అరగంట మునగాలి. ఆ తొట్టి ఆవిడది. ప్రభుత్వానిది కాదా అంటే, కాగితం మీద ప్రభుత్వానిదే. తొట్టి మీద బిగించిన, వేడి చూపే ముల్లు మాట ఆవిడ నమ్మదు. రెండు గాజు థర్మామీటర్లు రెండు మూలలా దింపుతుంది. రెండూ ఒక్క మాట మీద ఉంటేనే సీరం గొట్టాల స్టాండు నీళ్ళలోకి దిగుతుంది. మూత వేశాక గడువు తీరేవరకు సాక్షాత్తూ పెద్దసారు వచ్చి అడిగినా మూత తియ్యదు. ఇంట్లో పాలు పొంగబెట్టిన రోజులు బోలెడు ఉన్నాయి గానీ, తొట్టి దగ్గర మరుపన్నది ఆవిడ జాతకంలో లేదు. ఆవిడ కంటబడ్డ సీరం గొట్టం స్నానం చెయ్యకుండా గడప దాటిందన్న మాట ఆ భవనంలో ఎవరూ ఎన్నడూ వినలేదు. ఈ సంగతి ఆవిడే అందరికీ చెబుతుంది.

ఎందుకీ స్నానమంటే, అక్కడే ఉంది ఆ ల్యాబ్ పనంతా. సీరంలో రెండు రకాల సైన్యం ఉంటుంది. ఒకటి యాంటీబాడీలు. ఒకసారి ఒంట్లోకి వచ్చిన వైరస్‌ను గుర్తుపెట్టుకుని, మళ్ళీ వస్తే దాని మీద వాలి పట్టుకునేవి. రెండోది కాంప్లిమెంట్. అది కొన్ని ప్రోటీన్ల గుంపు. దానికి మొహాలు గుర్తుండవు. యాంటీబాడీ ఎవరిని పట్టుకుందో చూసి అక్కడికి చేరుతుంది, ఒకదాని వెనక ఒకటి వచ్చి ఉంగరంలా కట్టుకుని, వైరస్ చుట్టూ ఉన్న కొవ్వు పొరకు చిల్లి పెడుతుంది. పొర చిల్లిపడితే ఆ వైరస్ పని అయిపోయినట్టే. కొత్తగా చేరిన వాళ్ళకు యాభైయ్యారమ్మ ఇంకా సులువుగా చెప్పేది. "ఒకరు దొంగ జుట్టు పట్టుకుని కదలనివ్వరు. రెండోవాళ్ళు వచ్చి వీపు విమానం మోత మోగిస్తారు. జుట్టు పట్టుకున్నంత మాత్రాన దొంగ చావడు, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి."

ల్యాబ్‌కు వచ్చే ఒక్కో గుర్రం రక్తంలో ఈ కాంప్లిమెంట్ ఒక్కోలా ఉంటుంది, దారిలో కొంత పాడవుతుంది కూడా. అందుకని తొట్టిలో ముంచి దాన్ని పూర్తిగా చంపేస్తారు. ఆ వేడికి యాంటీబాడీలు చెక్కుచెదరవు. తర్వాత అన్నిటికీ సమానంగా, కొలిచి, గినీ పందుల సీరం నుంచి తీసిన తాజా కాంప్లిమెంట్ కలుపుతారు. అప్పుడే ఏ గుర్రానికి రక్షణ ఉందో, ఏ గుర్రానికి లేదో న్యాయంగా తేలుతుంది.

ఆ గినీ పందులను, పేరుకే పందులు గానీ దోసిట్లో పట్టే ఎలుక జాతి ప్రాణులను, సాకేది కింది అంతస్తులో, పెరటివైపు పొడవాటి గదిలో. సాకే మనిషి ఆవిడ భర్త.

ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు ఆవిడ తీర్చింది. పందులన్న మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు, పిల్లలనే అంటాడు. ఏ పిల్ల ఏ రోజు ఎంత తిన్నదో, దేనికి పక్కవాళ్ళతో పడదో, దేనికి గోళ్ళు పెరిగాయో ఆయనకు తెలుసు. రక్తం తీసిన పిల్లకు మళ్ళీ సూది గుచ్చడానికి వారాలు ఆగుతాడు. అంతవరకు దానికి లేత ఆకులు, విడి గది. పురిటాలికి కూడా అంత వైభోగం ఉండదని ఆవిడ దెప్పేది, తన రెండు కాన్పులూ గుర్తుచేసుకుని.

కాంప్లిమెంట్ మహా సుకుమారం. ఎండ తగిలితే పోతుంది, బల్ల మీద మరిచిపోతే పోతుంది. అందుకే ఆయన రక్తం తీయడం మొదలు అంతా మంచులోనే చేస్తాడు. సీరం వేరుచేసి, ఎర్ర మూతలు బిగించి, తన చేత్తో పైకి తెచ్చి, తాళం వేసి ఉండే చలిపెట్టెలో పెడతాడు. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి డబ్బాలు విప్పుకుని తినేటప్పుడు ఆవిడ వాదన ఒకటే.

"మీది ఊదితే పడిపోయే సరుకు. నా యాంటీబాడీ అరగంట వేడినీళ్ళలో ముంచినా నిలబడుతుంది."

"నీది పట్టుకుంటుందిలే. కొట్టేది మాది," అనేవాడాయన, ముద్ద మింగి. ఇంట్లో ఆయన పైచేయి అయ్యేది ఆ ఒక్క వాదనలోనే.

ఆ ఏడు ఒక పెద్ద గుర్రాల ఫారంలో జ్వరం దిగింది. గుర్రాలకు కళ్ళు వాచాయి, కాళ్ళు నీరు పట్టాయి, చూలు గుర్రాలకు కడుపులు పోయాయి. కొవ్వు పొర తొడుక్కున్న వైరస్ అది. రక్షణ ఉన్న గుర్రాలను ఒక పక్కకు, లేనివాటిని ఇంకో పక్కకు వేరుచేస్తే తప్ప ఫారం నిలవదు. అన్ని గుర్రాల రక్తమూ మంచుపెట్టెల్లో ల్యాబ్‌కు వచ్చింది. యాభైయ్యారమ్మ వరసపెట్టి స్నానాలు చేయించింది. పరీక్ష చేసే డాక్టరమ్మ ఆ సీరంలో వైరస్ కలిపి, కాంప్లిమెంట్ చేర్చి, ప్లాస్టిక్ పళ్ళాల గుంటల్లో పెంచిన కణాల మీద పోసింది. వైరస్ చచ్చిన గుంటలో కణాలు బతికి, రంగు వేస్తే ఊదాగా కనబడతాయి. వైరస్ బతికిన గుంట తెల్లగా, బోడిగా మిగులుతుంది.

రంగు వేసిన రోజున పళ్ళాలన్నీ బోడిగా ఉన్నాయి. గుర్రాలవే కాదు, పక్కా రక్షణ ఉన్నదని తెలిసి పోల్చడానికి పెట్టుకున్న పాత సీరం గుంటలు కూడా.

డాక్టరమ్మ తెలివైన మనిషి, తొందర లేని మనిషి. "గుర్రాలకు రక్షణ లేదని కాదు సార్. పరీక్షే నడవలేదు. యాంటీబాడీలు పట్టుకున్నాయి, కాంప్లిమెంట్ చిల్లి పెట్టలేదు," అంది పెద్దసారుతో.

పెద్దసారు చెడ్డవాడేం కాదు. ఫారం వాళ్ళు గంటకోసారి ఫోన్ చేస్తుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఆ గినీ పందుల సంతతి పాతబడిందని, సారం తగ్గిందని, ఇక నుంచి కంపెనీవాళ్ళ కాంప్లిమెంట్ పొడి తెప్పించుకుందామని తేల్చేశాడు. కింద గది మూసేస్తారు. అందులో ఉన్న ప్రాణాలకు చావు సూది. ఆ మాట అన్నప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ ఆవిడ భర్త మొహం చూడలేక పెద్దసారు తన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"గడ్డి మార్చాను సార్. తప్పు నాది. పిల్లలది కాదు," అన్నాడు ఆ మనిషి.

ఆ సాయంత్రం నడుచుకుంటూ ఇంటికి వెళ్తుంటే యాభైయ్యారమ్మ ఊరుకోలేదు. ఊరుకోవడం ఆవిడకు రాదు. "ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడెందుకు మార్చారండీ గడ్డి? నన్నొక మాట అడిగితే మీ సొమ్మేం పోయింది? నా తొట్టిలో ఎప్పుడైనా ఇలా జరిగిందా?" అని వీధంతా వినేలా అడిగింది. ఇంటికి చేరాక ఆయన చెప్పులు విప్పి, మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. కంచం పెడితే రెండు ముద్దలు తిని లేచాడు. మనిషి కృంగిపోయాడని ఆవిడకు అప్పటికి గానీ తెలియలేదు.

వారం చివర తొట్టిలో నీళ్ళు మార్చాలి. అది వేరెవరి చేతా చేయించదు. పైపు పెట్టి నీళ్ళు వదిలి, అడుగున చిల్లుల పళ్ళెం పైకెత్తి తుడుస్తుంటే వేలికి ఏదో తగిలింది. తడిసిన టేపు ముక్క. గొట్టాల మీద నంబరు వేసి అంటించేది. అటువంటివి ఊడి పడటం మామూలే. పారేయబోయింది.

ముక్కకు ఒక చివర చిన్న మడత ఉంది.

టేపు చివర అలా మడత పెట్టే మనిషి ఆవిడ ఎరిగినంతలో ఒక్కడే. మళ్ళీ తీయాల్సి వస్తే గోరుతో గీకే బాధ ఉండదని, ఇంట్లో చక్కెర పొట్లం దగ్గర నుంచి మందుల డబ్బా దాకా అన్నిటికీ ఆయన అదే మడత పెడతాడు. ఆయన టేపు తన తొట్టి అడుగున ఎందుకుంది?

యాభైయ్యారమ్మ ఖాళీ తొట్టి అంచు పట్టుకుని నిలబడిపోయింది. గుర్రాల సీరం ముంచుతున్న రోజు గుర్తొచ్చింది. చేతులు కడుక్కుని వచ్చేసరికి బల్ల మీద మంచు గిన్నె ఉంది. అందులో గొట్టాలు. ఆవిడ బల్ల మీదికి మంచులో వచ్చేవి గుర్రాలవే, వీటికీ వాటిలాగే తెల్ల మూతలు, మీద నంబర్లు. ఇంకో పెట్టె వచ్చిందనుకుంది. తీసి, తుడిచి, వరస పేర్చి, యాభై ఆరులో అరగంట ముంచింది. తర్వాత స్టాండు ఖాళీగా కనబడితే డాక్టరమ్మ పట్టుకెళ్ళిందనుకుంది. స్టోర్‌లో ఎర్ర మూతలు అయిపోయాయన్న మాట ఆ ముందు రోజు డబ్బాలు విప్పుకునేటప్పుడు ఆయన అన్నాడు. చలిపెట్టె తాళం కనబడక ఆయన కిందికి వెళ్ళి అరగంట పైనే వెతికి ఉంటాడు. భార్య బల్ల కంటే భద్రమైన చోటు ఉండదని గిన్నె అక్కడ పెట్టి ఉంటాడు.

చేసింది గడ్డి కాదు. తను.

ఎవరూ చూడలేదు. టేపు ముక్క నలిపి బుట్టలో వేస్తే తొట్టి పేరు తొట్టికి ఉంటుంది, ఆవిడ పేరు ఆవిడకు ఉంటుంది. ఈ ఆలోచన ఆవిడకు రాలేదని చెప్పను. వచ్చింది. ఆవిడ పేరే ఆ తొట్టి. అది కాస్తా పోతే మిగిలేది చీర కొంగు, చెప్పులు. కానీ కింద గదిలో ఆయన ఆ పూట ఒక్కో పిల్లనూ ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు కత్తిరిస్తున్నాడని కాపలా మనిషి ఉదయమే చెప్పాడు. చచ్చేవాటికి గోళ్ళెందుకు? ముక్కను అరచేతిలో పెట్టుకుని పెద్దసారు గదికి నడిచింది.

గదిలో పెద్దసారు, డాక్టరమ్మ ఉన్నారు. కింద గది తాళాలు అప్పగించే విషయం మాట్లాడటానికి ఆవిడ భర్తను కూడా పిలిపించారు. యాభైయ్యారమ్మ తలుపు తట్టలేదు.

"సార్, ఆ కాంప్లిమెంట్ చచ్చింది నా చేతుల్లో. గుర్రాల సీరం అనుకుని నేనే తొట్టిలో వేశాను. ఇదిగో ఆయన టేపు."

పెద్దసారు ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒక గొట్టం పొరపాటున పడి ఉండొచ్చు కదమ్మా. అన్నీ పూర్తిగా చచ్చాయని ఎలా చెప్తారు?"

అక్కడ ఆవిడకు పౌరుషం వచ్చింది. చేసిన తప్పు ఒప్పుకోడానికి వచ్చిన మనిషి నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఎలా అంటే, తొట్టి నాది కాబట్టి. వేరేవాళ్ళు ముంచి ఉంటే పైపైన వేడెక్కి సగమైనా మిగిలేది. నేను ముంచాక మిగలడమన్నది ఉండదు. డాక్టరమ్మనే అడగండి, ఇన్నేళ్ళలో నేను పంపినదాంట్లో ఒక్క చుక్క కాంప్లిమెంట్ బతికి వచ్చిందా?"

"రాలేదు," అంది డాక్టరమ్మ, నవ్వు దాచుకుంటూ.

"కాదు సార్," అని గోడ దగ్గర నుంచి ఆయన అడ్డుపడ్డాడు. "ఆవిడకేం తెలియదు. గడ్డి వల్లే."

"మీరు నోరు మూసుకోండి. నేను మాట్లాడుతున్నానా?"

"గడ్డి మార్చాను సార్. నేనే."

డాక్టరమ్మ ఆయనవైపు తిరిగింది. "మామయ్యా, వారం వారం మేత చూసి దించుకునేది నేనే. అదే మనిషి, అదే గడ్డి. మీరు ఎక్కడ మార్చారు?"

ఆయన నేల చూపులు చూశాడు. యాభైయ్యారమ్మకు అప్పుడు వెలిగింది. ఆ రోజు ఆయన తాళం తెచ్చేసరికి గొట్టాలు స్టాండులో ఆరి ఉన్నాయి, చేతికి గోరువెచ్చగా తగిలాయి. మంచు కరిగితే ఆవిడే తీసి స్టాండులో పెట్టిందనుకుని చలిపెట్టెలో పెట్టేశాడు. పళ్ళాలు బోడిగా వచ్చాకే ఆయనకు సంగతి అర్థమైంది. అర్థమై కూడా గడ్డి మాట ఎత్తుకున్నాడు.

"మీకు తెలుసా?" అంది, గొంతు తగ్గించి.

"తొట్టికి మాట రాకూడదనుకున్నాను."

"మరి పిల్లలో?"

"ఇంటికి తీసుకెళ్తామని సారును అడుగుదామనుకున్నాను."

"అన్నిట్నీ? మన రెండు గదుల్లోనా? నేనెక్కడ పడుకోవాలని?" అని కసిరింది. కసురుతుంటే కళ్ళ నీళ్ళు కారాయి. ఆవిడ ఏడవడం అంతవరకు ఆ భవనంలో ఎవరూ చూడలేదు. డాక్టరమ్మ మాత్రం ఆయన్ను వదలలేదు. "మీరు అబద్ధం చెప్తే నేను గడ్డి వెనక పడి తిరుగుతూ ఉంటాను, అక్కడ గుర్రాలు పోతాయి. ఇంకెప్పుడూ అలా చెయ్యకండి," అని గట్టిగానే అంది. ఆయన తల ఊపాడు. అది సబబే.

మాట మీద కాదు, పరీక్ష మీద తేలాలన్నాడు పెద్దసారు. అదీ సబబే. ఆవిడ భర్త అవే పిల్లల నుంచి, రక్తం తీయడానికి గడువు తీరినవాటిని ఎంచి, మళ్ళీ సీరం తీశాడు. దాన్ని రెండు భాగాలు చేశారు. ఒకటి నేరుగా మంచులోకి. రెండోది యాభైయ్యారమ్మ తొట్టిలోకి, అరగంట. ఈసారి తెలిసి ముంచింది.

రంగు వేసే రోజున డాక్టరమ్మ ఆయన్ను పైకి పిలిపించింది. జంతువుల గది వాళ్ళు కణాల గదిలోకి రాకూడదన్న నియమం వల్ల, ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆయన ఆ గుమ్మం తొక్కలేదు. తన పిల్లల సీరం పైకి వెళ్ళి ఏం చేస్తుందో ఒక్కసారైనా కళ్ళతో చూడలేదు. ఆ ఒక్క పూటకు అనుమతి దొరికితే స్నానం చేసి, ఉతికిన కోటు తొడుక్కుని వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ రెండు పళ్ళాలు వెలుగు మీద పెట్టింది. వేడి తగిలిన కాంప్లిమెంట్ పళ్ళెం బోడిగా ఉంది. తగలనిదాంట్లో పాత సీరం గుంటలు నిండా ఊదాగా, ఇంకు పోసినట్టు ఉన్నాయి. ఫారం గుర్రాల్లో చాలావాటి గుంటలూ అలాగే ఉన్నాయి. వాటికి రక్షణ ఉంది. ఏవి కలిసి తిరగొచ్చో, ఏవి విడిగా ఉండాలో ఆ పూటే ఫోన్‌లో చెప్పేశారు.

తర్వాత డాక్టరమ్మ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద తీసిన ఫొటో ఒకటి చూపించింది. గుండ్రటి వైరస్, దాని పొర నిండా సన్నటి ఉంగరాల్లాంటి చిల్లులు. "యాంటీబాడీ పట్టుకున్న చోట కాంప్లిమెంట్ పెట్టిన చిల్లులివి మామయ్యా."

ఆయన ఫొటో మీదికి వంగి చూశాడు. "మావాళ్ళు ఇంత పని చేస్తారా?" అన్నాడు.

యాభైయ్యారమ్మకు గుండె పొంగింది. మొగుణ్ణి చూసి అంతగా పొంగిపోవడం ఆవిడకు పెళ్ళినాడు కూడా జరగలేదు. అక్కడున్న కొత్త టెక్నీషియన్ల వైపు తిరిగి, "చూశారా, మా ఆయనవి," అంది, ఆ చిల్లులు ఆయనే కూర్చుని పెట్టినట్టు.

కింద గది మూసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎర్ర మూతలు లేకుండా సీరం తీయకూడదని పెద్దసారు గోడకు కాగితం అంటించాడు. డాక్టరమ్మ ఇంకో పద్ధతి పెట్టింది. ఇక మీదట ప్రతి పరీక్షలోనూ ఒక గొట్టం కాంప్లిమెంట్‌ను కావాలనే వేడిచేసి చంపి, పక్కన ఒక గుంటలో పెట్టాలి. చంపింది బోడిగా, చంపనిది ఊదాగా వస్తే, వైరస్‌ను పొడిచింది కాంప్లిమెంటేనని తెలుస్తుంది. యాభైయ్యారమ్మ పొరపాటున చేసిన పనే పరీక్షలో ఒక మెట్టయింది. ఆ మెట్టుకు ఆవిడ తొట్టి తప్ప వేరే తొట్టి వాడకూడదని కూడా డాక్టరమ్మే అంది. ఆవిడ రెండు రోజులు ఎవరికీ అందలేదు, అంత ఎత్తున నడిచింది.

మొదటిసారి ఆ గొట్టం తెచ్చిన రోజున ఆయన దాన్ని బల్ల మీద పెట్టలేదు. మంచులోంచి తీసి, ఎర్ర మూత పైకి కనబడేలా, ఆవిడ చేతికే ఇచ్చాడు. ఇచ్చి కాసేపు వదల్లేదు.

"ఇది కింద గదిలో మన పెద్ద పిల్లది," అన్నాడు. "పూర్తిగా చంపు. మొహమాటపడకు."